మూత మీద మూడు చప్పుళ్ళు

కిందటి వారం మనం ఉడతమ్మను మైకు ముందు నోరు తెరిపించి, మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటినుంచీ అలాగే నిలబడి ఉంది.

ఉడతమ్మంటే తెలుసుగా. పిల్లల టీవీలో వచ్చే కార్టూను ఉడతకు గొంతు ఇచ్చే అమ్మాయి. ఆ ఉడత కథలు రాసేదీ తనే. కొత్తగా పెళ్ళయింది. ఎంత కొత్తగా అంటే, ఇంట్లో స్టీలు గ్లాసుల మీది స్టిక్కర్లు ఇంకా సగమే ఊడాయి. భర్త అదే స్టూడియోలో చప్పుళ్ళు చేసే మనిషి. తెర మీద గుర్రం పరిగెత్తాలన్నా, వాన పడాలన్నా, ఏనుగు తుమ్మాలన్నా అతని చేతుల్లోంచి రావలసిందే. అందుకే అందరూ చప్పుళ్ళబ్బాయి అంటారు. జేబుల్లో ఎప్పుడూ తాళంచెవులు, గోళీలు, ఎండిన చింతగింజలు. అతను మెట్లెక్కి వస్తుంటే కిరాణాకొట్టు నడిచి వస్తున్నట్టుంటుంది. ఆ గలగల వినగానే ఉడతమ్మ అద్దం ముందుకు పరిగెత్తి జుట్టు సవరించుకుంటుంది.

ఈ వారం కథ పేరు 'ఉడత బాకీలు'. ఖాళీ నూనె డబ్బాలోకి ఎక్కి కూర్చుని, అది కాలంలో వెనక్కి వెళ్ళే బండి అని ఊహించుకుంటుంది ఉడత. 'నిన్నటికి పోనీ' అంటే నిన్నటికి. 'పోయిన వానాకాలానికి పోనీ' అంటే అక్కడికి. దిగిన ప్రతిచోటా ఒక పాత బాకీ తీరుస్తుంది. కాకికి ఇవ్వాల్సిన గింజ ఇస్తుంది, తాబేలుకు చెప్పాల్సిన క్షమాపణ చెబుతుంది. చివరికి ఒక రేకు పెట్టె ముందు దిగుతుంది. చిన్నప్పుడు తను ఆ పెట్టెలో ఇరుక్కుపోతే ఎవరో మూత తీశారు. ఎవరో చూడకుండానే పారిపోయింది. ఎవరికి పడ్డామో తెలియని బాకీని ఎలా తీర్చాలి? అదీ కథ.

ఆ చివరి ముక్క కల్పన కాదు. అయిదేళ్ళప్పుడు ఉడతమ్మను ఎవరో పెద్దపిల్ల 'ఆడుకుందాం రా' అని పిలిచి, ట్రంకుపెట్టెలు చేసే షెడ్డులో ఒక పెట్టెలో కూర్చోబెట్టి, మూత వేసి, గొళ్ళెం పెట్టింది. చాలాసేపటికి ఎవరో తీశారు. తను వెనక్కి చూడకుండా ఇంటికి పరిగెత్తింది. ఈ సంగతి అమ్మకు చెప్పలేదు, స్నేహితురాళ్ళకు చెప్పలేదు, రాత్రంతా కబుర్లు చెప్పే భర్తకూ చెప్పలేదు. స్క్రిప్టులో కూడా 'పెట్టె మూత పడింది' అని ఒక్క ముక్క రాసి వదిలేసింది.

ఇప్పుడు హెడ్‌ఫోన్లలో మూత పడిన చప్పుడు వచ్చింది. గొళ్ళెం కిర్రుమంది. అక్కడితో ఆగాలి కదా. ఆగలేదు. రేకు మీద బయటినుంచి ఇత్తడి ఏదో తాకినట్టు, తేలికగా, తీరికగా వినిపించింది.

టిక్. టిక్. టిక్.

రెండు దశాబ్దాలుగా ఉడతమ్మ చెవుల్లో తప్ప ఈ లోకంలో ఎక్కడా లేని చప్పుడు అది.

*

"అమ్మా, ఉడత భయపడాలి. నువ్వు కాదు" అన్నాడు దర్శకుడు మైకులోంచి. ఏది అడిగినా 'రేపటికి కావాలి' అంటాడని అందరూ ఆయన్ని రేపుగారు అంటారు. "మళ్ళీ చేద్దామా? ఇది రేపటికి వెళ్ళిపోవాలి."

ఈ స్టూడియోలో ముందు గొంతులూ చప్పుళ్ళూ రికార్డు చేస్తారు. వాటిని విని బొమ్మలు గీస్తారు. 'ముందు చెవి, తరవాత కన్ను' అంటాడు రేపుగారు. అంటే చప్పుళ్ళబ్బాయికి బొమ్మ ఏదీ చూపించరు. కాగితం మీద ఉన్న మాటకు తన తలలో ఏం వినిపిస్తే అది చేస్తాడు. ఇతని తలలోకి ఆ మూడు చప్పుళ్ళు ఎలా వచ్చాయి?

ఉడతమ్మ అద్దంలోంచి అవతలి గదిలోకి చూసింది. భర్త తలెత్తి, కనుబొమలు ఎగరేసి 'ఎలా ఉంది?' అన్నట్టు నవ్వాడు. పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ నవ్విన నవ్వే. అయినా మొదటిసారి ఆ మొహంలో పళ్ళు కనిపించాయి ఆమెకు.

అతని పక్కన సోఫాలో పెద్దాయన ఉన్నాడు. సీరియల్‌కి కొత్తగా డబ్బు పెడుతున్న మనిషి. తెల్లటి చొక్కా, తెల్లటి జుట్టు, అందరినీ బాబూ, పాపా అనే పలకరింపు. వచ్చేటప్పుడు అందరికీ బిస్కెట్లు తెచ్చాడు. మొదటిసారి రికార్డింగు చూడటం కాబట్టి చిన్నపిల్లాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు. ఇప్పుడు చప్పుళ్ళబ్బాయిని ఏదో అడుగుతున్నాడు. అద్దం మందం వల్ల మాటలు వినపడవు, పెదవులే కదులుతాయి. భర్త ఉత్సాహంగా, చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. పెద్దాయన తల పంకించాడు. తరవాత ఉడతమ్మ వైపు తిరిగి, 'కానియ్యి పాపా' అన్నట్టు చూపుడువేలి ఉంగరంతో అద్దం మీద కొట్టాడు. ఆ మందపాటి అద్దంలోంచి కూడా మొద్దుగా, బరువుగా వినిపించింది.

ఉడతమ్మ కళ్ళు మూసుకుని ఉడత గొంతుతో ఏడ్చింది. ఒక్క టేకులో ఓకే అయింది. రేపుగారు చప్పట్లు కొట్టి, "ఇదీ భయమంటే" అన్నాడు.

*

చప్పుళ్ళ గదికి కిటికీలు లేవు. గోడలకు నల్లటి స్పాంజి. నేల మీద ఒక మూల ఇసుక, ఒక మూల కంకర, ఒక మూల ఎండుటాకులు. గోడకు ఆనించి తలుపులు లేని తలుపుచట్రాలు, చక్రాలు లేని సైకిలు, తాళం పోయిన తాళంకప్పలు. లోపల నిప్పంటుకున్నా బయటికి వినపడదు. పెళ్ళికి ముందు ఇద్దరూ ఈ గదిలోనే టీలు తాగారు. ఎండుటాకుల మీద నడుస్తూ అడవిలో ఉన్నట్టు ఊహించుకున్నారు. ఆ రోజుల్లో ఈ నిశ్శబ్దం ఎంత ముద్దొచ్చేదో.

తలుపు తన వెనక దానంతటదే మూసుకున్నప్పుడు ఉడతమ్మ ఉలిక్కిపడింది. తలుపుకు దగ్గరగా, చెయ్యి పిడి మీదే ఉంచి నిలబడింది.

"ఆ మూడు చప్పుళ్ళు ఎందుకు పెట్టారు?"

అతను వంగి ఇసుక సర్దుతున్నవాడు తలెత్తాడు. ఆఫీసులో నలుగురిలో 'మీరు', ఇంట్లో 'నువ్వు'. అది వాళ్ళిద్దరి ఒప్పందం. "ఇక్కడెవరూ లేరుగా. మీరేంటి?"

"ఎందుకు పెట్టారని అడుగుతున్నా."

"బాగోలేదా?"

"నేను రాసింది మూత పడటం ఒక్కటే. ఆ మూడూ ఎక్కడివి?"

"ఏమో. మూత పడ్డాక లోపలివాళ్ళకి భయమేస్తుంది కదా. బయట ఒకళ్ళున్నారని తెలియాలి కదా అనిపించింది." అతను జేబులో వెతికి, చింతగింజల మధ్యనుంచి ఏదో తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. సూది గుచ్చుకోకుండా దర్జీలు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ. గుంటలు అరిగి నున్నగా ఉంది. "అక్కది. పాత వేలిటోపీ. పొద్దున అడిగి తెచ్చుకున్నా."

"మీ అక్కదా?"

"చిన్నప్పుడు నాకు నిద్ర పట్టకపోతే దీంతో మంచం కోడు మీద ఇలా కొట్టేది." అతను సైకిలు చట్రం మీద కొట్టి చూపించాడు. టిక్, టిక్, టిక్. ఉడతమ్మ వీపు తలుపుకు తగిలింది. "నేనిక్కడే ఉన్నా, కదలకు, భయపడకు అని అర్థమట. నేను నిద్రపోయేదాకా కొట్టేది. ఏమైందే? మొహం అలా పాలిపోయిందేం?"

"ఏం లేదు. తలనొప్పి. నేను ఇంటికి వెళ్తా."

"ఉండు, నేనూ వస్తా. ఆకుల చప్పుడు ఒకటి మిగిలింది."

"వద్దు. మీరు పని చూసుకుని రండి."

"మళ్ళీ మీరంటుంది చూడు" అన్నాడతను వెనకనుంచి, బుంగమూతి పెట్టి. మామూలుగా అయితే ఆ మూతి చూసి ఉడతమ్మ కరిగి నీరయ్యేది.

*

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది గానీ ఏ వీధి దాటిందో చూడలేదు. తల నిండా వదినే.

వదిన, అంటే భర్త అక్క, పెళ్ళి చేసుకోలేదు. తల్లీ తండ్రీ పోయాక కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. మాట కత్తెర. ఎప్పుడూ పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని, వాటి సందుల్లోంచే మాట్లాడుతుంది. 'ఏమే పిల్లా, టీలో చక్కెర వేశావా, నీ మొగుడి కబుర్లు వేశావా? ఇంత తియ్యగా ఉందేం' అంటుంది. అందులో ప్రేమ ఉందని ఉడతమ్మ మొదటి వారంలోనే కనిపెట్టింది.

తమ్ముడు 'ఈ అమ్మాయిని చేసుకుంటా' అన్నప్పుడు ఈవిడ ఒక్కతే చూడడానికి వచ్చింది. ఎదురుగా కూర్చుని, ఏ ఊళ్ళో పుట్టావు, చిన్నప్పుడు ఏ వీధిలో ఉండేవాళ్ళు అని అడిగింది. తరవాత ఉన్నట్టుండి ఉడతమ్మ గడ్డం పట్టుకుని పైకెత్తి, కింద ఉన్న పాత మచ్చను బొటనవేలితో తడిమింది. ఆ మచ్చ పెట్టె అంచు గీసుకున్నది. 'ఈ పిల్లే' అంది వదిన. అంతే, సంబంధం ఖాయం. అప్పుడు ఉడతమ్మకు ఎంత గర్వమేసిందో. చూడగానే నచ్చేశానని ఊరంతా చెప్పుకుంది.

ఈ పిల్లే.

నచ్చడం కాదు. గుర్తుపట్టడం.

ముందు సీటు కడ్డీ పట్టుకుంది. తనను పెట్టెలో పెట్టి గొళ్ళెం వేసిన మనిషి చేతి టీ తాగుతోందా తను? ఆవిడ కుట్టిచ్చిన జాకెట్టు తొడుక్కుని, ఆవిడ పక్కన మంచం మీద కూర్చుని నవ్వుతోందా? అయినా ఎందుకు? మళ్ళీ వెతుక్కుని, ఇంట్లోకి ఎందుకు తెచ్చుకున్నట్టు?

*

ముందుగదిలో మిషను ఆగి ఉంది. పడమటి ఎండ గడప దాటి లోపలికి వచ్చి, నేల మీది గుడ్డముక్కల మీద పడుకుంది. వదిన పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తున్న అలికిడి.

గోడవారగా గుడ్డముక్కలు దాచే పెట్టె ఉంది. పైన రంగురంగుల అతుకుల దుప్పటి. రోజూ పొద్దున ఉడతమ్మ దాని మీదే కూర్చుని, కాళ్ళూపుకుంటూ టీ తాగుతుంది. కిందటి ఆదివారం దాని మీద నిలబడి పాట కూడా పాడింది.

దుప్పటి అంచు పట్టుకుని లాగింది.

రేకు పెట్టె. అంచున నీలం రంగు పూలు, సగం రాలిపోయాయి. ముందు గొళ్ళెం. మూత ఒక చివర దగ్గరదగ్గరగా మూడు చిల్లులు. లోపలినుంచి అవి ఎలా ఉంటాయో ఉడతమ్మకు తెలుసు. చీకట్లో మూడు చుక్కల వెలుతురు. వాటికి ముక్కు ఆనించి గాలి పీల్చింది. ఆ చిల్లులు ముందునుంచే ఉన్నాయనుకుంది ఇన్నాళ్ళూ. కానీ రేకు అంచులు లోపలికి వంగి ఉన్నాయి. ఎవరో పైనుంచి మేకుతో కొట్టారు.

"తలనొప్పి అన్నావట. నీ మొగుడు ఫోను చేసి, దానికి మాత్ర ఇవ్వు, పడుకోబెట్టు అని నా ప్రాణం తీశాడు" అంటూ బట్టల మోపుతో లోపలికి వచ్చింది వదిన. దుప్పటి నేల మీద ఉండటం చూసింది. పెట్టె చూసింది. మరదలి మొహం చూసింది.

బట్టలు మిషను మీద పెట్టింది. పెదవుల మధ్యనుంచి గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి, సూదుల మెత్తకు గుచ్చింది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక వదిన నోరు ఖాళీగా ఉండగా ఉడతమ్మ చూడటం ఇదే మొదటిసారి.

"అడుగు" అంది.

"మీరేనా?"

"నేనే."

"నన్ను పెట్టెలో పెట్టి గొళ్ళెం వేసింది మీరేనా?"

"నేనే అన్నానుగా. కూర్చో."

"కూర్చోను." ఉడతమ్మ వీధి తలుపు వైపు ఒక అడుగు వేసింది. గొంతు ఉడతలా సన్నగా వచ్చింది. "నాకు ఊపిరి ఆడలేదు. ఇప్పటికీ లిఫ్టు ఎక్కలేను. మీకు ఆట. నాకు..."

"ఆట అని నీకు చెప్పా. ఆట కాదు." వదిన మిషను బల్ల మీద కూర్చుంది. "గొడుగు మనిషి గుర్తున్నాడా నీకు?"

ఉడతమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎలా గుర్తుంటాడు, అయిదేళ్ళ పిల్లవి. మా నాన్న ఆ షెడ్డులో పెట్టెలకి పూలు వేసేవాడు. నేను అక్కడే కూర్చుని పక్కింటావిడ రవికలకి బొత్తాలు కుట్టేదాన్ని. నువ్వు రేకుముక్కలు ఏరుకుంటున్నావు. మధ్యాహ్నం, నాన్నావాళ్ళు అన్నానికి వెళ్ళారు. వాడొచ్చాడు. ఎండా లేదు, వానా లేదు, చేతిలో గొడుగు. నీ దగ్గర కూర్చుని, 'పాపా, మీ అమ్మ రమ్మంటోంది, బస్టాండులో ఉంది' అన్నాడు. మీ అమ్మ అప్పుడే నా కళ్ళముందే కూరల సంచితో మెట్లెక్కింది."

ఉడతమ్మ చెయ్యి తలుపు మీద ఆగిపోయింది.

"వాడు బీడీ ముట్టించుకోవడానికి అటు తిరిగాడు. నేను నీ చెవిలో, 'కాలం పెట్టె ఎక్కుతావా, రేపటికి తీసుకెళ్తా' అన్నా. నువ్వు ఎగిరి గంతేశావు. మూతేసి, గొళ్ళెం పెట్టి, దాని మీదెక్కి కూర్చున్నా. తోసేటప్పుడు నీ గడ్డం గీసుకుంది. ఏడవలేదే నువ్వు. రేపటికి వెళ్తున్నావు కదా."

"అరవొచ్చుగా వదినా."

"రేకులు కొట్టే వీధమ్మా అది. పది షెడ్లలో పది సుత్తులు. అక్కడ పీక తెగేలా అరిచినా పక్కవాడికి పాటలా వినిపిస్తుంది." వదిన తన చేతులు చూసుకుంది. "వాడు తిరిగి చూశాడు. పాపేది అన్నాడు. ఇంటికి పోయిందన్నా. వాడు నవ్వి, పర్లేదు, మళ్ళీ వస్తుందిలే అని, అక్కడే బల్ల మీద కూర్చున్నాడు. నా ఎదురుగా. కదలడే. బీడీ తరవాత బీడీ. నా కింద నువ్వు గోకుతున్నావు. పిల్లికూనలా. ఊపిరి అందట్లేదని తెలుస్తోంది నాకు. లేస్తే దొరికిపోతావు. లేవకపోతే చచ్చిపోతావు."

మిషను చక్రం మీద ఎండ మెరిసి జారింది.

"అప్పుడు సుత్తీ మేకూ తీసుకున్నా. వాడి కళ్ళలోకి చూస్తూనే మూత మీద చిల్లులు కొట్టా. ఏం చేస్తున్నావని అడిగాడు. మా నాన్న జల్లెడ పెట్టె చెయ్యమన్నాడని చెప్పా. ఆ వీధిలో రేకు కొట్టే పిల్లని ఎవడు అనుమానిస్తాడు? మూడు కొట్టేసరికి చేతులు ఆడలేదు. తరవాత వేలిటోపీతో నీకు చెప్పా. నేనున్నా అని. నువ్వు గోకడం మానేశావు."

ఉడతమ్మ నెమ్మదిగా వచ్చి నేల మీద, పెట్టె పక్కన కూలబడింది.

"మరి మూత తీసింది?"

"ఇంకెవరే, నీ తాతా?" అంది వదిన. "వాడు సందు చివర తిరిగేదాకా చూసి తీశా. నువ్వు బాణంలా పరిగెత్తావు. నా మొహం కూడా చూడలేదు. చిల్లులు పడ్డ పెట్టె ఎవరు కొంటారు? మేస్త్రీ నాన్న జీతంలో పట్టుకుని, దీన్ని మా నెత్తిన కొట్టాడు. ఆ నెలలోనే వీధి మారాం."

మూసిన చెయ్యీ, తీసిన చెయ్యీ ఒకటే. ఇన్నేళ్ళూ ఒకళ్ళని తిట్టుకుంటూ, ఇంకొకళ్ళకి మనసులో దణ్ణం పెట్టుకుంటూ వచ్చింది. ఆ ఇద్దరూ ఇదిగో, మోకాలి మీద దారప్పోగులతో, ఎదురుగా ఒక్కరై కూర్చున్నారు. ఉడతమ్మ వదిన ఒళ్ళో తల పెట్టేసింది. ఏడుపూ నవ్వూ కలిసి ఏదో వింత చప్పుడు వచ్చింది. చప్పుళ్ళబ్బాయి ఉంటే వెంటనే రికార్డు చేసేవాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమొస్తుంది? పొద్దస్తమానం నవ్వుకుంటూ తిరిగే పిల్లవి. నీకు భయాన్ని అప్పివ్వమంటావా?" వదిన ఆమె జుట్టులోంచి ఒక ఎండుటాకు ముక్క తీసి పారేసింది. "ముక్కు తుడుచుకో. కొత్త చీర నాది."

ఉడతమ్మ పవిటతో తుడుచుకుంది. తన కార్టూను కథకు ముగింపు దొరికింది. ఉడత డబ్బాలోంచి దిగి ఎవరి ఒళ్ళో తల పెట్టుకోవాలో ఇప్పుడు తెలుసు. పరిగెత్తుకెళ్ళి రేపుగారికి చెప్పాలనిపించింది. అంతలో ఏదో గుర్తొచ్చింది.

"వదినా, మీరు మూడే కొట్టారా?"

"ఏం?"

"తేలికగా మూడు. తరవాత చాలాసేపటికి మళ్ళీ మూడు. అవి బరువుగా ఉన్నాయి. వాటికి పెట్టెంతా అదిరింది. అవీ మీరే అనుకున్నా."

వదిన మెత్తలోంచి ఒక గుండుసూది పీకి, మళ్ళీ అక్కడే గుచ్చింది.

"అవి నావి కావు. వాడు లేచి వెళ్తూ వెళ్తూ పెట్టె దగ్గర ఆగాడు. నా వేలిటోపీ చూశాడు, చిల్లులు చూశాడు. వేలి ఉంగరంతో మూత మీద మూడుసార్లు కొట్టాడు. నేను కొట్టినట్టే, కానీ బరువుగా, మెల్లిగా. నవ్వుతూనే అన్నాడు. 'గట్టిదానివే పాపా. నాకొకటి బాకీ పడ్డావు. ఎప్పుడైనా వచ్చి వసూలు చేసుకుంటా.' అందుకే వీధి మారేదాకా నాన్నని నిద్రపోనివ్వలేదు."

ఉంగరం.

ఉడతమ్మ చెవుల్లో ఏదో మోగింది. మందపాటి అద్దం. అద్దం వెనక తెల్లటి జుట్టు. 'కానియ్యి పాపా' అన్నట్టు కదిలిన పెదవులు. మొద్దుగా, బరువుగా, తీరిగ్గా. ఎన్నిసార్లు కొట్టాడు? అప్పుడు లెక్కపెట్టలేదు. ఇప్పుడు అక్కర్లేకుండానే లెక్క వినిపిస్తోంది.

"వదినా, వాడి ఉంగరం ఏ వేలికి?"

"చూపుడువేలికి. ఎవరూ పెట్టుకోరు కదా అక్కడ. అందుకే గుర్తుంది. ఎందుకే?"

ఉడతమ్మ ఫోను తీసింది. వేళ్ళు తడిగా ఉండి రెండుసార్లు తప్పు నొక్కింది. అవతల గలగల వినిపించింది ముందు, గొంతు తరవాత.

"ఏమే, తలనొప్పి తగ్గిందా?"

"మీరెక్కడున్నారు?"

"మళ్ళీ మీరా? అలక తీరలేదన్నమాట. ఇదిగో, సందు మొదట్లోకి వచ్చేశాం. బస్సు ఎందుకని పెద్దాయన తన కారులో దింపుతున్నారు. ఆ మూడు చప్పుళ్ళు ఆయనకి ఎంత నచ్చాయో తెలుసా? ఎవరు నేర్పారు బాబూ అని ఒకటే అడగడం. మా అక్క అని చెప్పా. ఆవిడని చూడాలి, ఎప్పటినుంచో ఇలాంటి మనిషి కోసం వెతుకుతున్నా అన్నారు. టీ పెట్టి ఉంచు. కొత్త గ్లాసులు తీయి."

"ఆయన్ని తీసుకురావద్దు. విను, నువ్వు కారు దిగు. అక్కడే దిగు."

"ఏంటి? సరిగ్గా వినపడట్లేదు. పెట్టేస్తున్నా, వచ్చేశాంగా."

ఫోను ఆగిపోయింది. అవతలి మాటలన్నీ వదినకూ వినిపించాయి. లేచి వీధి తలుపు మూసి, పెద్ద కత్తెర అందుకుని, పక్కన ఉన్న గుడ్డ కింద పెట్టింది. పాత అలవాటు కొద్దీ వేలు చూసుకుంది. వేలిటోపీ లేదు. అది తమ్ముడి జేబులో ఉంది.

"నువ్వు లోపలికి పో" అంది.

"పోను. ఈసారి పెట్టెలో పట్టను."

"పిచ్చిమొహమా, వేళాకోళానికి వేళా పాళా లేదా?" అంది గానీ, వదిన చెయ్యి వచ్చి ఉడతమ్మ మణికట్టును పట్టుకుంది. అప్పటి పన్నెండేళ్ళ పిల్ల చెయ్యిలా ఉంది ఆ చెయ్యి.

సందులో కారు ఆగింది. తలుపులు రెండు, ఒకదాని తరవాత ఒకటి పడ్డాయి. మెట్ల మీద గలగల. ఆ గలగల వెనకే, తొందరలేని చెప్పుల చప్పుడు. వదినా మరదళ్ళిద్దరూ మూసి ఉన్న తలుపు వంక చూస్తూ నిలబడ్డారు.

తలుపు మీద ఇత్తడి తాకింది. తేలికగా, అల్లరిగా. టిక్, టిక్, టిక్. అది భర్త. ఇంట్లోవాళ్ళని నవ్విద్దామని.

ఒక్క క్షణం ఆగి, అదే తలుపు మీద, బరువుగా, మెల్లిగా, ఇంకో మూడు.